పోలీసులను దిద్దుటయా, పద్దు తగ్గించుటయా?

2023వ సంవత్సరము జనవరి మాసమున అమెరికాలోని సియాటిల్ నగరములో ఒక తెలుగు విద్యార్థిని వీథి దాటుచుండగా పోలీసు కారు తగిలి మరణించినది. ఆ వార్త మీలో పలువురికి జ్ఞాపకముండును. గంటకు 25 మైళ్ళకు మించరాదని కట్టడి యున్న వీథిలో ఆ కారు 74 మైళ్ళ వేగమును అందుకొనినది. కొన్ని మాసములు గడచిన పిమ్మట, మఱియొక పోలీసు ఉద్యోగి ఆ మరణమును గూర్చి నవ్వుచు పలికిన మాటలు, అతడు ధరించిన కెమెరాలోనే పట్టువడి, లోకమునకు వినవచ్చినవి. మన యిండ్లలో అందఱును ఆ నవ్వును గూర్చియే చెప్పుకొనిరి. అది సహజమే. నా మనస్సున మాత్రము వేఱొక ప్రశ్న నిలిచిపోయినది. ఆ కారు అంత తొందరగా ఎక్కడికి పోవుచుండెను? దొంగను పట్టుటకు కాదు, హంతకుని వెంటాడుటకును కాదు. ఎవరో మత్తుమందు మితిమీఱి పుచ్చుకొనిరని కబురు రాగా అక్కడికి పోవుచుండెను. రోగి యొద్దకు తుపాకి కట్టిన పోలీసువాడేల పోవలెను?

ఈ ప్రశ్న చుట్టును అమెరికా పట్టణములలో కొన్ని సంవత్సరములుగా గొప్ప తగవు నడచినది. నేడు మీకు విన్నవింపబోవునది ఆ తగవును గూర్చియే.

మొదట ఒక మాట తెలిసికొనవలెను. మన దేశమున పోలీసు రాష్ట్ర ప్రభుత్వము చేతిలోనిది. అమెరికాలో అట్లు కాదు. అక్కడ దాదాపు ప్రతి పట్టణమునకును దాని పోలీసు దానికే కలదు. దేశమంతట ఇట్టి సంస్థలు సుమారు 18,000 ఉన్నవని చెప్పుదురు. జీతము ఊరిపన్నులలోనుండి పోవును. పద్దు పురపాలక సభలో చర్చకు వచ్చును. కావున పోలీసునకు ఎంత ఈయవలెనను ప్రశ్న అక్కడ మన యూరి వీథిదీపముల ప్రశ్నవలె ఇంటిముంగిటి ప్రశ్న. పొరుగువారిద్దఱు అరుగుమీద కూర్చుండి వాదులాడుకొనదగినది.

వాదులాడువారు రెండు పక్షములు. సంస్కారవాదులు పోలీసునకు మంచి శిక్షణ కావలెననిరి, కెమెరాలు తగిలింపవలెననిరి, మెడ నొక్కుట నిషేధింపవలెననిరి, తప్పు చేసినవానిని తొలగించుట సులభము కావలెననిరి. రెండవ పక్షమువారి కేక ‘డీఫండ్’. నిధులు తీసివేయుడని దాని యర్థము. ఈ చిన్నమాట మూడు నోళ్ళలో మూడు విధములుగా పలికినది. కొందఱకు పోలీసును బొత్తిగా ఎత్తివేయుట. కొందఱకు పద్దులో కొంత కోత. తక్కినవారికి, అనగా నేనెఱిగినంతలో పెక్కుమందికి, పిచ్చియెత్తినవానిని, ఇల్లులేనివానిని, మత్తులో పడియున్నవానిని చూచుకొను పనిని, ఆ పనికి తగు సొమ్ముతోకూడ, వైద్యులకును సేవకులకును ఒప్పగించుట. ఒకే జెండా క్రింద మూడు దండ్లు నడచినవి. చూచువారు మాత్రము మొదటి దండునే చూచి భయపడిరి.

ఈ తగవు పుట్టిన ఊరు మినియాపొలిస్. మినెసోటా రాష్ట్రములోని పట్టణము. జనాభా 2020 లెక్కల ప్రకారము దాదాపు 4 లక్షల 30 వేలు. 2020 మే 25వ తేదీని, ఒక అంగడిలో ఇరువది డాలర్ల దొంగనోటు చెల్లించెనను అనుమానముపై జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతి పురుషుని పోలీసులు పట్టుకొనిరి. చేతులకు సంకెళ్ళు వేసి, నేలపై బోర్ల పరుండబెట్టిరి. డెరెక్ చావిన్ అను ఉద్యోగి అతని మెడపై మోకాలు మోపి 9 నిమిషముల 29 సెకనులు ఉంచెను. ఫ్లాయిడ్ మరణించెను. ఆనాటి పోలీసు ప్రకటనలో అది కేవలము వైద్యసంబంధమైన ఘటనగా చెప్పబడినది. దారిన పోవుచు నిలిచిన పదునేడేండ్ల బాలిక తన ఫోనులో పట్టిన చిత్రము లేకున్నచో ఆ ప్రకటనయే చరిత్రయై యుండును.

ఇచ్చట సంస్కారవాదులకు చిక్కు వచ్చినది. ఏలయన, మినియాపొలిస్ సంస్కారము నెఱుగని ఊరు కాదు. అందుకు పేరుపడిన ఊరు. ప్రజల విశ్వాసమును పెంచుటకై కేంద్ర ప్రభుత్వము 2015లో ఎన్నుకొన్న ఆఱు పట్టణములలో అదియొకటి. మనస్సులో తెలియకుండ దాగిన జాతిపక్షపాతమును గూర్చి పోలీసులకు పాఠములు చెప్పిరి. 2016లో కెమెరాలు తగిలించిరి. తోడి యుద్యోగి మితిమీఱి బలము చూపునపుడు ప్రక్కవాడు అడ్డుపడవలెనను నిబంధనయు ఆ యేడే వ్రాసిరి. ఆ దినమున చావిన్ ప్రక్కన మువ్వురుండిరి. అందిద్దఱు ఉద్యోగమున చేరి కొలది దినములైన క్రొత్తవారు. వారిలో ఒకడు, ఇతనిని ప్రక్కకు తిప్పుదమా అని అడిగెను కూడ. వలదని చావిన్ అనగా ఊరకుండెను. చావిన్ ఎవరు? క్రొత్తవారికి వీథిలో పని నేర్పుటకు నియమింపబడినవాడు! బడిలో ఒక పాఠము, వీథిలో గురువు మఱియొక పాఠము. వ్రాసిన నిబంధన కాగితముమీద నిబంధనగానే యుండెను.

దీనికి తోడు, ఆ రాష్ట్రమున పోలీసు అధిపతి ఒక యుద్యోగిని తొలగించినను, ఉద్యోగుల సంఘముతోడి ఒడంబడిక ప్రకారము తగవు మధ్యవర్తి యొద్దకు పోవును. మధ్యవర్తి పలుమాఱు అతనిని మరల కొలువునకు పంపును. సంస్కారమనగా బోధయని తలచువారు ఈ సంగతిని మఱచుచున్నారని నా యభిప్రాయము. శిక్ష లేని శిక్షణ ఎంతవఱకు పనిచేయును?

కావున రెండవ పక్షము లేచినది. జూన్ 7వ తేదీని పౌడర్‌హార్న్ అను ఉద్యానవనములో పురపాలక సభ్యులు 13 మందిలో 9 మంది వేదికయెక్కి, ఈ పోలీసు శాఖను ముగించు పనికి పూనుకొందుమని వాగ్దానము చేసిరి. వేదిక ముందు మనిషెత్తు అక్షరములతో ఆ కేకనే నిలిపిరి. దేశమంతయు ఆ యూరివైపు చూచినది.

చూచినవారికి తెలియనిది ఒకటి గలదు. ఆ పట్టణ శాసనపత్రములో, జనాభాలో ప్రతి వేయిమందికి 1.7 చొప్పున పోలీసు ఉద్యోగులను పోషించి తీరవలెనని 1961లో ఒక వాక్యము చేర్పబడియున్నది. వాగ్దానము చేసిన తొమ్మండుగురికిని దానిని తుడిచివేయు అధికారము లేదు. ప్రజల యోటు కావలెను. దానికి ముందు శాసనపత్ర సంఘము పరిశీలింపవలెను. ఆ సంఘము మఱికొంత వ్యవధి కావలెనని ఆగస్టులో తీర్మానించుటతో ఆ యేటి యెన్నికల గడువు దాటిపోయినది. డిసెంబరులో పద్దు కుదిరినది. సుమారు 17 కోట్ల 90 లక్షల డాలర్ల పోలీసు పద్దులోనుండి దాదాపు 80 లక్షలు దౌర్జన్య నివారణమునకును, ఇతర సేవలకును మార్చిరి. నూటికి అయిదు కంటె తక్కువ. ముగించెదమన్న మాట అచ్చటికి వచ్చి ఆగెను.

ఇంతలో కాలము మాఱినది. హత్యలు దేశమంతట 2020లో మునుపటి యేటికంటె నూటికి సుమారు 30 పెరిగినవి. పద్దు కోసిన ఊళ్ళలోను పెరిగినవి, కోయని ఊళ్ళలోను పెరిగినవి. మినియాపొలిస్‌లో 2019లో యాభైకి లోపుగానున్న హత్యలు 2021లో తొంబదికి మించినవి. మఱియొక వంక పోలీసులే, మనోవ్యాధి యని కొందఱు, విసుగని కొందఱు, వందల కొలది కొలువు విడిచిరి. మునుపు తొమ్మిది వందలకు చేరువగా నున్నవారు క్రమముగా ఆఱు వందలకు లోపు వచ్చిరి. సభ కోసిన కోత చిన్నది. తమంత తాము పోయినవారి సంఖ్య పెద్దది. ఈ రెంటిని కలిపి ‘డీఫండ్ ఫలితము’ అని పత్రికలు వ్రాసినప్పుడు నాకు న్యాయముగా తోపలేదు.

ఇక ఈ కథలో నన్ను మిక్కిలి ఆలోచింపజేసిన భాగము ఆ యూరి ఉత్తరభాగమునకు సంబంధించినది. నల్లజాతివారు అధికముగా నివసించు పేటలవి. పోలీసుచేత ఎక్కువగా ఆపబడువారు, సోదా చేయబడువారు, దెబ్బలు తినువారు వారే. కావున పోలీసు వలదని మొదట కేకవేయవలసినవారును వారే యని దూరమున నున్నవారు తలచిరి. 2020లో ఆ పేటలవారు ఎనమండుగురు న్యాయస్థానమునకు పోయి పట్టణముపై దావా వేసిరి. ఏమని? శాసనపత్రము చెప్పిన సంఖ్యకు తక్కువ కాకుండ పోలీసులను ఉంచవలెనని! 2021 వసంతమున ఆ భాగముననే కొలది వారములలో మువ్వురు పసిబిడ్డలకు తుపాకిగుండ్లు తగిలినవి, ఇద్దఱు మరణించిరి. ఒక బిడ్డ ట్రాంపొలీనుపై గంతులు వేయుచుండగా తగిలినది. ఆ తల్లులకు పోలీసుపై ప్రేమ యున్నదని ఎవరందురు? రాత్రి తుపాకి మ్రోగినపుడు పిలువదగినవాడు మఱియొకడు లేడు. అంతియే.

రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము 2022 జూన్‌లో ఆ దావాను ముగించుచు, సభ సొమ్ము కేటాయించి తన విధి నెరవేర్చినదనియు, 731 మంది ఉద్యోగులను నియమించు విధి మేయరుపై నున్నదనియు చెప్పెను. 731 ఎక్కడిదందురా? జనాభాను 1.7 చేత హెచ్చించి వేయిచేత భాగించి చూడుడు. అఱువదియేండ్ల క్రిందటి ఆ వాక్యము అంత బలము గలది.

ఆ తీర్పునకు ముందే, 2021 నవంబరు 2వ తేదీని, ప్రజల యోటు జరిగినది. పోలీసు శాఖకు మాఱుగా ప్రజారక్షణ శాఖ యని క్రొత్తదానిని నెలకొల్పి, ఆ కనీససంఖ్యను తీసివేయవచ్చునా యని ప్రశ్న. నూటికి సుమారు 56 మంది కూడదనిరి, 44 మంది కావలెననిరి. ఉత్తరపు పేటలలోను కూడదన్నవారే హెచ్చు. యువకులు, విద్యార్థులు అధికముగా నుండు కొన్ని పేటలు కావలెననినవి. కూడదన్నవారిలో అనేకులు ప్రశ్నలోని ఒక లోపమును చూపిరి. క్రొత్త శాఖలో పోలీసు లెందఱుందురు, పిలిచినపుడు ఎవరు వత్తురు, అధిపతి ఎవరికి జవాబుదారి యను సంగతి అందు లేదు. ‘అవసరమైనచో’ పోలీసు లుండవచ్చునని మాత్రము వ్రాయబడినది. ఇల్లు పాతదైనది, పడగొట్టుదము. క్రొత్తయింటి సంగతి పిమ్మట ఆలోచింతము అనినచో, వానకాలమున ఏ గృహస్థు ఒప్పుకొనును?

నా తీర్మానమును ఇక్కడనే చెప్పివేయుదును. పోలీసు చేతిలో కుప్పపడిన పనులలో కొన్నిటిని వేఱుచేతికి ఈయవలెననుట సరియైనదే. కాని క్రొత్తచేతిని ముందు తయారు చేసి, అది పని నేర్చిన పిదప పాతచేతినుండి బరువు దింపవలెను. అమెరికాలో పలుచోట్ల దీనికి తలక్రిందుగా నడచిరి. టెక్సాస్‌లోని ఆస్టిన్ పట్టణము 2020 ఆగస్టులో పద్దులో మూడవవంతు తగ్గించితిమని చాటెను. అందు వెంటనే కోసినది కొంచెము, తక్కినది కాగితముపై ఒక శాఖనుండి మఱియొక శాఖకు మార్చుట. మఱుసటి యేడు పెద్దపట్టణములు పోలీసు పద్దు తగ్గింపరాదని రాష్ట్రము చట్టముచేసి దానినంతయు తిరుగద్రిప్పెను.

ఎత్తివేయుటకు నిదర్శనముగా కామ్‌డెన్ పేరు తఱచు చెప్పుచుండిరి. న్యూజెర్సీ రాష్ట్రములో మిక్కిలి బీదపట్టణమది. 2012లో ఆ చిన్న యూరిలో 67 హత్యలు జరిగినవి. 2013లో పట్టణ పోలీసు శాఖను నిజముగానే రద్దుచేసి, జిల్లా పక్షమున క్రొత్తశాఖను నిలిపిరి. 2020 నాటికి హత్యలు 23కు దిగినవి. అయితే ఈ కథను రెండు పక్షములవారును సగము సగమే చెప్పిరి. రద్దుచేసిన కారణము సొమ్ము చాలకపోవుటయు, పాత సంఘముతోడి ఒడంబడిక భారమగుటయు. క్రొత్తశాఖలో పోలీసులు తగ్గలేదు, పెరిగిరి. తొలియేండ్లలో కారు అద్దములు నల్లగా నున్నవని, సైకిలుకు గంట లేదని బీదలపై జరిమానాలు కుప్పలుగా వేసిరి, జనము మొఱపెట్టుకొనినది. పిమ్మటనే అధికారులు పద్ధతి మార్చిరి. 2019లో, ప్రాణరక్షణయే మొదటి విధియని, బలము కడపటి సాధనమని, ప్రక్కవాడు తప్పుచేసిన అడ్డుకొనవలెనని కఠినమైన నియమములు వ్రాసికొనిరి. కామ్‌డెన్‌లో జరిగినది పద్దుకోత కాదు. ఉద్యోగుల నందఱను ఒకమాఱు ఇంటికి పంపి, ఏఱి మరల చేర్చుకొనుట.

పనిని వేఱుచేతికిచ్చుటకు మేలైన నిదర్శనము ఓరిగాన్ రాష్ట్రములోని యూజీన్ పట్టణము. అక్కడ 1989 మొదలు ‘కహూట్స్’ అను సేవ నడచినది. ఒక ధర్మవైద్యశాలవారిది. మతిచెడినవాడు వీథిలో నిలిచి అఱచుచున్నాడని, ఆత్మహత్యకు సిద్ధపడినాడని ఫోను వచ్చినపుడు, ఒక వైద్యసేవకుడును, ఇట్టి సంకటములలో మాటాడుట నేర్చిన మఱియొకరును బండిలో పోవుదురు. తుపాకి లేదు, యూనిఫారము లేదు. పోలీసు సాయము కావలసివచ్చిన సందర్భములు బహు స్వల్పము. వారు పోలీసుకు ఎంత పని తప్పించిరను లెక్కలో ఆ సంస్థకును ఆ యూరి పోలీసుకును భేదముండెను. ఆ సేవ మంచిదనుటలో భేదము లేదు. 2020లో దేశమంతయు దానిని చూచి నేర్చుకొనవచ్చినది. 2025 ఏప్రిల్‌లో, సొమ్ము చాలక, యూజీన్‌లో ఆ సేవ నిలిచిపోయినది. నిధులు పోయినది ఎవరికో మీరే చూచితిరి.

ఒక్కచేతిలో ఎన్ని పనులు పెట్టవచ్చునను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. మన తెలుగుజిల్లాలు కొన్ని మదరాసు రాజధానిలో నున్న దినములలో తాసీల్దారే పన్ను వసూలుచేయువాడు, తాసీల్దారే పోలీసు అధికారి. పన్ను ఈయలేని రైతును ఎండలో నిలుపుట, వంచి కట్టివేయుట, వ్రేళ్ళను ‘కిట్టి’ అను కొయ్యల నడుమ నొక్కుట సాధారణమై పోయినది. ఈ హింసలపై నియమింపబడిన విచారణసంఘము 1855లో ఇచ్చిన నివేదిక ఇప్పటికిని చదువ బాధ కలిగించును. దాని పర్యవసానముగా 1859లో 24వ చట్టము పుట్టి, పోలీసు వేఱు, రెవిన్యూ వేఱు అయినది. మంచి బోధ చేయుదము అని ఊరకుండక, పనిని విడదీసిరి. హింస అంతటితో పోలేదు. లాఠి వేఱొక గుమ్మమునకు మారినది. అయినను పన్ను కొఱకు రైతు వ్రేళ్ళు నొక్కుట క్రమముగా ఆగినది.

నా చిన్నతనమున మాయూర తలారి యొకడుండెడివాడు. చేత కఱ్ఱ తప్ప మఱేమియు లేదు. ఒక వానరాత్రి మతిచెడినవాడొకడు నూతిగట్టుపై నిలిచి దూకెదనని బెదరించుచుండగా, తలారి ప్రక్కన కూలబడి, చుట్ట ముట్టించి, వాని తండ్రి ఎద్దులను గూర్చి తెల్లవాఱువఱకు ముచ్చటించుచుండెను. తెల్లవాఱగనే ఇద్దఱును ఇంటికి పోయిరి. ఇది చెప్పి పాతకాలమంతయు మేలని నేననను. అదే తలారి పెద్దరైతు మాటపై పల్లెవానిని రచ్చచెట్టునకు కట్టివేసినపుడు, ఏల కట్టితివని అడిగినవాడు లేడు. ఊరివాడైనంత మాత్రమున న్యాయము చేయునని లేదు.

మనదేశములో నేడు పద్దుకోత యను మాట వినరాదు. పోలీసులు చాలరనియే వినవచ్చును. ఇక్కడి పోరాటము సంస్కారమునకే. ప్రకాశ్‌సింగ్ వ్యాజ్యములో 2006 సెప్టెంబరున సుప్రీముకోర్టు ఇచ్చిన ఆదేశములలో, నేరపరిశోధనను శాంతిభద్రతల పనినుండి విడదీయుడనియు, పోలీసుపై ఫిర్యాదులు వినుటకు వేఱు అధికారసంఘమును నెలకొల్పుడనియు గలవు. ఇక్కడను, చూచితిరా, విడదీయుటయు జవాబుదారీయే.

మినియాపొలిస్‌కు తిరిగివత్తము. 2023లో రాష్ట్రపు మానవహక్కుల శాఖకును పట్టణమునకును కుదిరిన సంస్కార ఒడంబడికను న్యాయస్థానము అంగీకరించి తన కనుసన్నలలో ఉంచుకొనినది. కేంద్రముతో 2025 జనవరిలో కుదిరిన రెండవ ఒడంబడికను కేంద్రమే మే మాసమున విడిచిపెట్టినది. ఓటునకు నెలదినముల తరువాత, 2021 డిసెంబరులో, పెద్ద హంగులేకుండ మఱియొక పని మొదలైనది. మనోవ్యాధి కలవారి కొఱకు 911కు ఫోను వచ్చినచో, ఆయుధములేని ఇద్దఱు శిక్షితులు బండిలో పోవుటకు ఏర్పాటుచేసిరి. ఎవరును పెద్ద అక్షరములు నిలుపలేదు. పోలీసు పద్దుపై పోరాడి గెలువలేని సంగతి ఇట్లు కొంత నెరవేఱినది.

సియాటిల్‌లో పోలీసు సంస్కారము 2012 మొదలు కేంద్ర న్యాయస్థానపు పర్యవేక్షణలో నడచి, 2025 సెప్టెంబరులో ముగిసినది. ఆ పదుమూడేండ్ల నడుమనే ఆ కారు 74 మైళ్ళ వేగముతో పరుగెత్తినది. అదే 2023లో, అక్టోబరునుండి, ఆ యూరును సంకటములో నున్నవారి యొద్దకు ఆయుధములేని సేవకులను పంపుట ఆరంభించినది. తొలుత వారు పోలీసుతో కూడియే పోవలసినదని కట్టడి చేసిరి.